సున్నం వేసిన గుమ్మాలు

ఉప్పెన తీసిన తరువాత వేలాపురి రాజ్యపు తీరం భూమిలా కనిపించలేదు. తాటిచెట్ల మొవ్వుల్లో సముద్రపు నాచు వేలాడుతోంది. చందనపు తలుపులున్న వర్తకుల మేడల మీద పడవలు బోర్లాపడి ఉన్నాయి. ఎక్కడో లోతుల్లో పుట్టిన పగడపు కొమ్మలు కొట్టుకువచ్చి వరిమళ్లలో దిగబడ్డాయి. పొద్దు పొడిచేటప్పుడు అవి ఎర్రగా మెరుస్తుంటే, దూరాన వెళ్లే బాటసారికి ఆ మళ్లలో ఏదో కొత్త పంట పండినట్టు తోచేది. ముత్యాలకు పేరుపడిన ఆ తీరంలో ఇప్పుడు మనుషులు వెతుక్కుంటున్నది మంచినీళ్లు.

మహారాజు చంద్రకేతు ఆలస్యం చేయలేదు. కోట ధాన్యపు కొట్లు తెరిపించాడు. బియ్యం పడవలను, వెదురు తెప్పలను, ఏనుగులను తీరానికి పంపాడు. అయితే వేలాపురిలో పాత కట్టడి ఒకటి ఉంది. ఎప్పుడో ఒక ఉప్పెనలో, ఆకలి తీరిన జనం అలసి నిద్రపోయి, శిథిలాల కింద ఉన్నవాళ్లను మరిచిపోయారట. అందుకని ఆనాటి రాజు ఒక నియమం పెట్టాడు. ఊళ్లో ప్రతి ఇంటినీ వెతికి గుర్తు వేసిన తరువాతే బియ్యం పడవ తాడు విప్పాలి. లోపల మనిషి ఉంటే ద్వారబంధం మీద ఎర్రటి జేగురు వలయం. వెతికాం, ఎవరూ లేరు అంటే సున్నపు వలయం. సున్నం పడిన ఇంటిని మళ్లీ ఎవరూ వెతకరు. దాన్ని ఏనుగులతో కూల్చి, మట్టి పోసి ఎత్తు చేసి, ప్రభుత్వమే కొత్త ఇల్లు కడుతుంది.

పాలమెట్ట అనే బెస్తల ఊరికి వెతుకుడు పడవలను నడిపినవాడు చిన్న యువరాజు అరిందముడు. అన్ని వీధులూ ఇల్లిల్లూ దిగి వెతికించాడు. చివరికి కొసవీధి మిగిలింది. అక్కడ నీళ్లు గుండెలోతు ఉన్నాయి. మెట్ట మీద పిల్లలు ఆకలికి ఏడవటం కూడా మానేసి పడుకున్నారు. బియ్యం పడవలు కంటికి ఎదురుగా కట్టేసి ఉన్నాయి. మిగిలిన పడవలను వెనక్కి పంపి, యువరాజు ఒక్కడే కొసవీధిలోకి వెళ్లాడు. కుంచెను పొడుగాటి వెదురుకు కట్టి, పడవలోంచి దిగకుండానే వరసగా గుమ్మాలన్నింటికీ సున్నం వేశాడు. శంఖం ఊదించాడు. బియ్యం పడవల తాళ్లు విప్పారు.

ఆ సాయంకాలం పాలమెట్ట జనం అతని పాదాలకు మొక్కారు. అప్పటినుంచి అతనికి అన్నం సహించలేదు.

రాజధానిలో అతనికి గండపెండేరం తొడగటానికి సభ ఏర్పాటైంది. ఆ సభ జరిగే రోజు తెల్లవారేసరికి యువరాజు మందిరంలో లేడు. ముఖానికి మసి, తలకు ముతక గుడ్డ, చేతిలో మట్టితట్టతో, కొండయ్య అనే కూలివాడి వేషంలో పాలమెట్టలో ఉన్నాడు. యువరాజుగా వస్తే, తానే సున్నం వేసిన ఇంటిని మళ్లీ ఎందుకు వెతుకుతున్నాడో చెప్పవలసి ఉంటుంది. కొండయ్యగా వస్తే చెప్పనక్కరలేదు.

మెట్ట మీద గంజి కాస్తున్న పైడమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది. 

"ఏటి కొండయ్యా, గంజి ముట్టవు? రాజుగారి గంజి సయించదేటి నీకు? నీ సేతులు సూస్తే మట్టి మోసిన సేతుల్లాగ లేవు. ఎవురింట్లోనో ఊయల ఊపినట్టున్నాయి."

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. 

"అతగాణ్ణి ఏడిపించకే," అన్నాడు ఒక ముసలివాడు. "కూలోడైనా ఎంత దూరంనించి వచ్చాడో మన కోసం. చిన్నదొర పుణ్యం. ఆయన బేగి బేగి పని కానిచ్చాడు కాబట్టి ఈ గంజైనా దక్కింది."

అరిందముడు తట్ట భుజం మార్చుకుని కొసవీధి వైపు నడవబోయాడు. ముందురోజు చాలావరకు కూల్చిన ఆ వీధికి ఏనుగులు మధ్యాహ్నానికి మళ్లీ వస్తాయని అప్పుడే ఎవరో చెప్పారు. ఇంతలో గుండిగ పక్కనుంచి ఒక గొంతు వినిపించింది.

"నీళ్లు ఎక్కువైపోనాయే. ఉప్పేదీ? ఇంత పెద్ద ముంపు వచ్చి పోనా నీకు గంజి కాయడం రానేదు."

నడుము వంగిన ఒక ముసలమ్మ గుండిగలోకి తొంగిచూస్తోంది. ఆమె నుదుటి మీద తెల్లటి వలయం ఉంది. పైడమ్మ ఆమె చెయ్యి పక్కనుంచే గరిటె తీసి, వెనకనున్నవాడికి గంజి పోసింది. ఆ మనిషి ముసలమ్మ కాలు తొక్కి ముందుకు జరిగాడు. ఆమె "అబ్బా" అంది. ఎవరూ తల తిప్పలేదు.

"ముందు ఆ అవ్వకు పొయ్యమ్మా," అన్నాడు అరిందముడు.

"ఏ అవ్వకి?" అంది పైడమ్మ. ఆమె చెయ్యి ఆగింది. "ఎండకి బుర్ర తిరిగినట్టుంది నీకు. అవ్వలెవరూ నేరిక్కడ. ఒక్క ముసల్ది ఉండేది మా ఇంట్లో. నన్ను తిట్టకుండా పొద్దు గడిపింది కాదు. పిల్లల్ని పట్టుకొని నాను పడవెక్కితే, నువ్వు పద, నూకాలి దగ్గర ఉండి వెనకాల వస్తానంది." ఆమె గరిటెతో గంజిని ఊరికే కలిపింది. "వీధంతా సున్నం వేసీసినారు. నేదన్నమాటే."

ముసలమ్మ చేతిలోని కొబ్బరిచిప్ప జారి కింద పడింది. కోడలి మాటకు కాదు. ఆమె కళ్లు అరిందముడి మీదనే ఉన్నాయి.

"బాబూ," అంది మెల్లగా. "నాను నీకు అవుపిస్తన్నానా?"

అరిందముడు ఆమెను ఇసుక దిబ్బ వెనక్కి నడిపించాడు. ఆమె పేరు ఎర్రమ్మ. పైడమ్మ అత్త.

"అటక మీద ఉండిపోనాం బాబూ. నాను, సూపు నేని బోడెన్న, నిండు సూలాలు నూకాలు. గాలి హోరులో మా కేకలు మాకే వినపడనేదు. పడవ వచ్చిన సప్పుడు మాత్రం వినపడింది. తలుపు తడతారనుకున్నాం. గుమ్మం మీద ఏదో రాసిన సప్పుడు. గర్రుమని ఒక్కసారి. అంతే, పడవ ఎల్లిపోయింది." ఆమె నుదురు తడుముకుంది. "నీళ్లు తీశాక దిగి సూసుకుంటే అందరికీ ఇదే మచ్చ. ఎవుడి ముందుకెళ్లినా అవుపించం, వినిపించం."

"మరి మీలాంటివాళ్లు ఇంకా ఉన్నారా?"

"పక్కిళ్లోళ్లు ఉన్నారు. వాళ్లని తీసుకుపోతన్నాడు. నెమలి గొడుగు పట్టుకొని ఇళ్ల కట్టుబడి అధికారినని వస్తాడు. దీవిలో కొత్త ఇళ్లిస్తాను, పడవెక్కండి అంటాడు. అందరూ ఎక్కీసినారు. నూకాలికి నొప్పులు మొదలయ్యాయని మేమాగాం. నాను వాడి నీడ సూశాను బాబూ. నీడకి ముక్కుంది. గుడ్లగూబ ముక్కు."

అరిందముడికి ఆ నీడ ఎవరిదో తెలుసు. ఉలూకనాథుడు. వేలాపురి నుంచి వెలివేయబడి, శంఖద్వీపంలో మునిగిపోయిన తన కోటను మళ్లీ లేపటానికి మనుషుల కోసం కాచుకుని ఉన్న మాంత్రికుడు. ఒక రాజు ఏలుబడిలో ఉన్న మనిషిని అతడు ముట్టలేడు. కాని లేరు అని రాజు పేరుతోనే గుర్తు వేసిన మనుషులు ఏ రాజుకూ చెందరు.

"ఈ మచ్చ పోయే దారి లేదా అవ్వా?"

"ఉందని వాడే సెప్పి నవ్వినాడు. సున్నం వేసినవాడే ఆ గుమ్మం దాటి లోపలికొచ్చి వెతకాలట. ఒక్కొక్కరినీ పేరెట్టి పిలవాలట. అప్పుడు ఆ మచ్చ వాడికి పడుతుందట. మచ్చ నేని బయటోడు ఎవుడైనా వాడి పేరెట్టి పిలిస్తేగాని పోదట. అందుకే ఎవుడూ రాడన్నాడు." ఎర్రమ్మ అతని ముఖంలోకి చూసింది. "ఏ సచ్చినోడు వేసినాడో ఆ సున్నం. నీకేటైనా ఎరికేటి బాబూ?"

ఆమె తనకొక్కడికే ఎందుకు కనిపిస్తోందో అరిందముడికి అర్థమైంది. నోరు తెరిచాడు. 

"తెలియదు," అన్నాడు.

"నీ పేరేటి?"

"కొండయ్య."

అప్పుడే కొసవీధి వైపు కొమ్ముబూర మోగింది. ఏనుగులు రావలసిన వేళకు ముందే వచ్చాయి.

అరిందముడు ఎర్రమ్మను వీపు మీదికి ఎత్తుకుని పరుగు తీశాడు. మోకాళ్లలోతు బురద. బురద కింద విరిగిన తెడ్లు, గాలాల ముళ్లు. వీధి మొదట్లో ఇళ్లు ముందురోజే నేలమట్టమై ఉన్నాయి. చిత్రంగా, ఏ ఇంటి ద్వారబంధమూ ఆ కుప్పల్లో లేదు. కొసన ఒక్క ఇల్లు మిగిలింది. దాని ముందు కొండంత ఆడఏనుగు నిలబడి ఉంది. మావటి అంకుశం ఎత్తి అరుస్తున్నాడు. అది కదలటం లేదు. తొండం చాచి అటక కిటికీ దగ్గర గాలి పీల్చి, వెనక్కి రెండడుగులు వేసింది.

"కదలవే గౌరీ! నిన్నటిదాకా బుద్ధిగానే ఉన్నావు గదా. ఏయ్ మట్టితట్టా! అడ్డం లేరా, తొక్కేస్తది!"

"ఆపు!" అని అరిచాడు అరిందముడు. "లోపల మనుషులున్నారు!"

"సున్నం ఉంది గదరా!"

"అవును, సున్నం ఉంది," అన్నది పక్కనుంచి ఒక తియ్యటి గొంతు. నెమలి గొడుగు కింద పట్టుబట్టలు కట్టిన అధికారి చిరునవ్వుతో నిలబడి ఉన్నాడు. "యువరాజులవారే వెతికించిన వీధి. ఆయన మాటకన్నా ఒక కూలివాడి మాట ఎక్కువా? కూల్చు."

బురద మీద అతని నీడ పడింది. ఆ నీడ మెడ వెనక్కి తిరిగి అరిందముణ్ణి చూసింది.

ఏనుగు మళ్లీ మొరాయించింది. ఉలూకనాథుడు వేలికొసన చిటికెడు బూడిద తీసి దాని కంట్లోకి ఊదాడు. గౌరి బాధతో ఘీంకరించింది. మావటి ఎగిరి బురదలో పడ్డాడు. తల వంచి అది గోడ మీదికి దూసుకుపోయింది. దానికన్నా ఒక్క అంగ ముందు, ఎర్రమ్మను పట్టుకుని అరిందముడు గుమ్మం దాటాడు.



గోడ విరిగింది. కప్పు ఒక పక్కకు ఒరిగింది. పడబోతున్న దూలం కిందికి వెళ్లి అరిందముడు భుజం ఆనించాడు. 

"ఎర్రమ్మా!" అని పిలిచాడు. ఆమె నుదుటి సున్నం ఎండిన పెచ్చులా రాలిపోయింది. ముసలమ్మ ఆ పెచ్చును చూసింది. అతణ్ణి చూసింది. 

"నువ్వేనా?" అంది.

"పోమ్మా. బయటికి పో."

ఆమె పోయింది. "బోడెన్నా!" నిచ్చెన తడుముకుంటూ చూపులేని మనిషి దిగాడు. గొంతు వచ్చిన వైపు చేతులు చాచి, పడిన గోడ సందులోంచి పాకి వెలుగులోకి వెళ్లాడు. ఏనుగు రెండోసారి ఢీకొట్టింది. భుజం మీద దూలం జారింది. "నూకాలూ!"

అటక అంచున ఒక అమ్మాయి కనిపించింది. ఆమె చీరచెంగులో ఏదో కదిలింది.

"పుట్టేసినాడు," అంది ఆమె. "ఇప్పుడే."

ఆమె నుదురు శుభ్రమైంది. కాని చెంగులోని పసిగుడ్డు నుదుటి మీద, గోరంత వలయం, తెల్లగా అలాగే ఉంది. వాడు నోరు తెరిచి ఏడుస్తున్నాడు. మచ్చ పోయిన మరుక్షణం నూకాలుకు ఆ ఏడుపు వినిపించటం మానేసింది. చేతుల్లో ఉన్నవాణ్ణి చూడలేక ఆమె చెంగు తడుముకుంటూ కెవ్వుమంది.

"నా కొడుకేడీ? బాబూ, నా కొడుకేడీ?"

"నీ చేతుల్లోనే ఉన్నాడు. వాడి పేరు చెప్పు!"

"పేరా? పేరెక్కడిది వాడికి?"

"ఇప్పుడే పెట్టు తల్లీ. కప్పు పడుతోంది!"

"వీళ్ల నాన్న సోములు. సేపల ఏటకెళ్లి రానేదు. అదే పేరు. సోములు!"

"సోములూ!" అని అరిందముడు ఉన్న ఊపిరంతా పెట్టి పిలిచాడు. అతని నుదుటి మీద చల్లటి నిప్పు పెట్టినట్టయింది.

బయట అందరికీ ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

మూడోసారి పరుగెత్తి వస్తున్న ఏనుగు ముందుకాళ్లు బురదలో దిగేసుకుని ఆగిపోయింది. దాని కంట్లోంచి బూడిద కన్నీటితో కారింది. తొండం లోపలికి చాచి, నూకాలును బిడ్డతో సహా మెల్లగా ఎత్తి బయటపెట్టింది. అరిందముడు వెనక కిటికీలోంచి కాలువ గట్టు మీదికి దూకాడు. అతని వెనక ఇల్లు మొత్తం కూలింది.

మెట్ట మీది జనమంతా వీధిలోకి పరుగెత్తుకొచ్చారు. ముందు పైడమ్మ. చేతిలో గరిటె అలాగే ఉంది.

"అత్తా! నువ్వు బతికే ఉన్నావా? బతికుండీ ఒక్క కేకైనా వెయ్యనేదేటే!"

"నీ పక్కనే నిలబడి సెప్పాను, ఉప్పు నేదని. నీ సెవులు ఏ గంగలో కలిసినాయి?"

పైడమ్మ గరిటె పారేసి ముసలమ్మను వాటేసుకుంది. అత్తాకోడళ్లు ఇద్దరూ తిట్టుకుంటూ ఏడ్చారు. అరిందముడు వాళ్లకు చెయ్యి చాచినంత దూరంలో ఉన్నాడు. మావటి అతణ్ణి భుజంతో నెట్టుకుంటూ, చూడకుండానే పక్కనుంచి వెళ్లాడు.

ఎర్రమ్మ ఉలిక్కిపడి చుట్టూ చూసింది. 

"కూలోడేడి? కొండయ్యా! ఒరే కొండయ్యా!"

అరిందముడు నుదురు తడుముకున్నాడు. సున్నం అలాగే ఉంది. "నా పేరు అరిందముడు," అన్నాడు ఆమె చెవి దగ్గర. "అవ్వా, అరిందముడు అని పిలువు." గొంతు పగిలేలా అరిచాడు. ఆమె తెల్లజుట్టు గాలికి కదిలింది, అంతే. ఇసుక దిబ్బ వెనక ఆమె అడిగినప్పుడు ఈ మాట చెప్పటానికి ఒక్క క్షణం పట్టేది.

"గోడ కిందుండిపోనాడు," అంది ఎర్రమ్మ. "తవ్వండి."

"సున్నం ఉన్న ఇల్లు గదే," అన్నాడు ముసలివాడు.

"ఆ సున్నాన్ని కాల్చ. తవ్వండి!"

వాళ్లు వట్టి చేతులతో మట్టి తీయటం మొదలుపెట్టారు. పైడమ్మ, మావటి, బోడెన్న కూడా. చేతికి తగిలిన ప్రతి పెంకునూ ఎత్తి కింద చూస్తున్నారు. మధ్యమధ్య పని ఆపి, ఊపిరి బిగబట్టి వింటున్నారు. కొండయ్యా అని పిలిచి మళ్లీ తవ్వుతున్నారు. తాను చేయని పని వాళ్లు తన కోసం చేస్తుంటే అరిందముడు నిలబడి చూశాడు.

"చూడముచ్చటగా ఉంది," అన్నాడు ఉలూకనాథుడు అతని పక్కకు వచ్చి. గొడుగు ముడిచాడు. కాలువలో అతని నల్లపడవ ఆగి ఉంది. నిండా మనుషులు. అందరి నుదుళ్ల మీదా తెల్లటి వలయాలు. "వాళ్లకు నీ పేరు తెలియదు. నాకు తెలుసు యువరాజా. నేను పిలుస్తాను. మచ్చ పోతుంది. గుర్రమెక్కి వెళితే సభ ముగిసేలోగా అందుకుంటావు. గండపెండేరం తొడుక్కో. ముగ్గురిని కాపాడావు, కాదు, నలుగురిని. చాలదా?"

"ఆ పడవలోవాళ్లు?"

"వాళ్లు లేరని నీ చేత్తో నువ్వే రాశావు. వాళ్ల గుమ్మాలు నీకు దొరకవు. ద్వారబంధాలన్నీ ముందే పీకి నా కోటలో నిలబెట్టాను. శంఖద్వీపంలో అడుగుపెట్టినవాడు తిరిగి రావటం నేనింతవరకు చూడలేదు. చెప్పు, పిలవనా?"

అరిందముడు ఎర్రమ్మ వైపు ఒకసారి చూశాడు. ఆమె గోళ్లనిండా మట్టి. అతడు గట్టు దిగి, నీళ్లలోకి నడిచి, పడవ ఎక్కాడు.

మాంత్రికుడి నవ్వు ఒక్క క్షణం చెదిరింది. తరువాత అతడు పడవలోవాళ్ల కంటపడకుండా రెక్కలు విప్పి, గుడ్లగూబై తెరచాప కొయ్య మీద వాలాడు. తెడ్లు పడ్డాయి, పడవ కదిలింది. గట్టు మీది పిలుపులు దూరమయ్యాయి. కాలువ దాటి సముద్రంలోకి వచ్చేసరికి నీళ్లు నల్లబడి, నూనెలా బరువుగా కదిలాయి. అడుగున ఎక్కడో గంటలు మోగాయి.

పడవలోవాళ్లు సర్దుకుని అతనికి చోటిచ్చారు. గెడ పట్టుకున్న దిట్టమైన బెస్తవాడొకడు, లచ్చన్న అట, తన పైగుడ్డ విప్పి ఇచ్చాడు. 

"కప్పుకో బాబూ. వణుకుతున్నావు. నిన్ను ఏ ఇంట్లో వదిలేశారు?"

అరిందముడు గుడ్డ కప్పుకోలేదు. మసి కడుక్కున్నాడు. తలగుడ్డ తీశాడు. 

"నన్నెవరూ వదిలేయలేదు. నా పేరు అరిందముడు. చంద్రకేతు మహారాజు కొడుకును. మీ గుమ్మాలకు సున్నం వేసింది నేను. పడవ దిగలేదు. లోపలికి చూడలేదు."

తెడ్ల చప్పుడు ఆగింది. లచ్చన్న గెడను నీళ్లలోంచి పైకి తీశాడు. వెనక ఒక ఆడమనిషి లేచి నిలబడింది. ఆమె వెనక మరొకరు. పడవ ఒక పక్కకు ఒరిగింది. కొయ్య మీద గుడ్లగూబ సంతోషంగా కూసింది.

ఎదురుగా సముద్రం రెండుగా చీలి, నాచు కారుతున్న నల్లరాతి బురుజులు పైకి లేస్తున్నాయి. బురుజుల చుట్టూ, గోడలు లేకుండా, వట్టి ద్వారబంధాలు వరసగా నిలబడి ఉన్నాయి.

అరిందముడు అటు తిరగలేదు. ఎత్తిన గెడ కింద నిలబడి లచ్చన్న పక్కనున్న మనిషి ముఖంలోకి చూశాడు. 

"నీ పేరేమిటి?" అని అడిగాడు.